ఏడాదికో గులాబీ

ఏడాదికొకసారి డ్రెస్డెన్‌లో ఒక చిన్న పెట్టె చేతులు మారుతుంది. అందులో ఎర్ర గులాబీ, దాని కాడకు చుట్టిన చీటీ. పంపింది రాణి ఫ్లేవియా. అందుకునేది ఆమె మనసిచ్చిన రుడాల్ఫ్. ఆంటొనీ హోప్ 1894లో రాసిన ‘ది ప్రిజనర్ ఆఫ్ జెండా’ చివర్లో వచ్చే ఈ పెట్టె నన్ను ఇప్పటికీ వదల్లేదు. రాజ్యం కోసం ఆమె ఉండిపోయింది, అతను వెళ్లిపోయాడు. వాళ్లెంతగా ప్రేమించుకున్నారో తెలియడానికి పడకగది తలుపు తీయక్కర్లేదు, ఆ చీటీ చాలు.

రాచ ప్రేమకథల్లో కోటగోడ, పరివారం, ఇచ్చిన మాట ఆ ఇద్దరి మధ్య నిలబడతాయి. అందుకే చేతిని చెయ్యి తాకినా చదివేవాళ్ల గుండె ఝల్లుమంటుంది. ప్రేమ నవలల రచయిత్రి బార్బరా కార్ట్‌లండ్ 700కు పైగా పుస్తకాలు రాసినా ఈ బిగువునే నమ్ముకుంది. 1951 నాటి ‘పాతాళభైరవి’ సినిమా చూసినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు: ఉజ్జయిని రాకుమారి కోసం తోటమాలి కొడుకు మాంత్రికుడి వెంట వెళ్లిన కథే కదా!

ఈ తరహా నవలల్ని కాలక్షేపమని తీసిపారేయడం నాకు నచ్చదు. నిగ్రహాన్ని రాయడం కష్టం. అమ్మా కూతురూ ఒకే ప్రతిని మార్చుకుని చదివి, రాత్రి భోజనాల దగ్గర ఫ్లేవియా చేసింది సబబేనా అని వాదించుకోవచ్చు. ఈ సంచిక ఆ వాదన కోసమే.