డ్యూయెట్‌కి వీసా ఎందుకు?

మన సినిమాల్లో పరదేశ ప్రయాణమంత సుళువైన పని మరొకటి లేదు. హీరోయిన్ పొలం గట్టుమీద నిలబడి కళ్లు మూసుకుంటుంది. ఒక్క కట్! కళ్లు తెరిచేసరికి స్విట్జర్లాండ్ మంచులో, పల్చటి చీరలో ఉంటుంది. పాస్‌పోర్టు ఎప్పుడు తీసుకుంది, విమానాశ్రయంలో క్యూలో ఎంతసేపు నిలబడింది... ఏ దర్శకుడూ చూపించడు. చూపిస్తే మనం సోడాకి లేచిపోతాం గదా!

1979లో 'అందమైన అనుభవం' వచ్చినప్పుడు సింగపూర్‌ని తెరమీద చూసి నోళ్లు తెరిచింది మా బాబాయిల తరం. 1987లో జంధ్యాల గారు 'పడమటి సంధ్యారాగం' కోసం అమెరికాకే వెళ్లారు. తర్వాత 2007లో 'చిరుత' బ్యాంకాక్‌ని, 2009లో 'బిల్లా' మలేషియాని మా పొన్నూరు బెంచీ టికెట్టు దాకా తెచ్చి పడేశాయి. ఇన్ని చూశాక కుర్రాళ్లకి ఫారిన్ అంటే తెనాలి అవతలే అనిపించడంలో వింతేముంది?

మొన్న ఓ ఆదివారం ఫస్ట్ షో ఇంటర్వెల్లో మా పిన్ని కొడుకు పకోడీ పొట్లం నా చేతికిచ్చి, చల్లగా చెప్పాడు.

"అన్నా, నేను బ్యాంకాక్ పోతున్నా."

"ఏందిరా, షూటింగుకా?"

"కాదన్నా, ఉద్యోగానికి. డేటా ఎంట్రీ అంట. నెలకి ఎనభై వేలు."

"మరి వీసా?"

"అదెందుకన్నా? ఇప్పుడు వీసా లేకుండానే రానిస్తున్నారంటగా! ఏజెంటే చెప్పాడు. టూరిస్టునని చెప్తే చాలంట."

సెకండాఫ్‌లో ఏం జరిగిందో నాకు తెలీదు. విలన్ చచ్చాడని తర్వాత ఎవరో చెప్పారు.

వీసా అక్కర్లేదన్నది అబద్ధం కాదు. మెలిక అక్కడే ఉంది. 2023 నవంబరులో థాయిలాండ్ మనవాళ్లని వీసా లేకుండా 30 రోజులు ఉండనిచ్చింది. 2024 జులైలో దాన్ని 60 చేసింది. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజులిచ్చి, ఆ ఏర్పాటుని 2026 డిసెంబరు 31 దాకా పొడిగించింది. ఈ రోజుల లెక్కలు ప్రభుత్వాలు తలుచుకున్నప్పుడల్లా మారుతుంటాయి. కాబట్టి టికెట్టు కొనే ముందు ఆయా దేశాల రాయబార కార్యాలయం ఏమంటోందో చూసుకోవాలి తప్ప, రీల్సులో కుర్రాడు చెప్పింది వేదం కాదు.

పోనీ మలేషియానే తీసుకోండి. అక్కర్లేనిది వీసా ఒక్కటే, మిగతావన్నీ కావాలి! పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువుండాలి. తిరుగు టికెట్టు ఉండాలి. దిగే హోటలు బుకింగు, ఆ నాలుగు రోజులూ తినడానికి, తిరగడానికి డబ్బున్నట్టు రుజువు అడిగితే చూపాలి. దిగబోయే ముందు మూడు రోజుల్లోపల ఇంటర్నెట్‌లో ఒక రాకపోకల కార్డు నింపాలి. దీన్ని 2024 జనవరి 1 నుంచి పెట్టారు. థాయిలాండ్ కూడా 2025 మే 1 నుంచి అలాంటిదే పెట్టింది. రెండూ ఉచితం. దానికి ఫీజు వసూలు చేసే వెబ్‌సైటు కనపడితే అది సర్కారుది కాదని గుర్తు.

ఇవన్నీ ఉన్నా, కౌంటర్లో ఆఫీసరుకి అనుమానమొస్తే వెనక్కి పంపేయొచ్చు. మా ఊరి సాక్షి భావనారాయణ స్వామి ఒకప్పుడు పెళ్లిమాట తప్పిన చోట సాక్ష్యం చెప్పడానికి దిగొచ్చాడని స్థలపురాణం. కౌలాలంపూర్ కౌంటర్లో మాత్రం కాగితాలే సాక్షి.

అసలు విషయం ఇదీ: వీసా లేని ప్రవేశం ఊరు చూసి రావడానికి. ఉద్యోగానికి కాదు. సినిమాకి టికెట్టు కొని, ప్రొజెక్టర్ రూములోకి దూరి రీలు నేనే తిప్పుతానంటే ఊరుకుంటారా? ఉద్యోగానికి ఆ పనికి తగిన వీసా, పర్మిట్టు వేరే ఉంటాయి. 'టూరిస్టునని చెప్పు' అన్న ఏజెంటు, కుర్రాడు అడుగుపెట్టకముందే వాణ్ణి తప్పుచేసినవాణ్ణి చేస్తున్నాడన్నమాట. రేపు జీతం ఎగ్గొట్టినా, కొట్టినా పోలీసు దగ్గరికి పోవాలంటే వాడికే భయం.

అంతకన్నా ఘోరం ఇంకోటుంది. బ్యాంకాక్‌లో దించి, కారెక్కించి, సరిహద్దు ఊరు మే సాట్ దగ్గర నది దాటించి మయన్మార్‌లోని మయావడ్డీకి చేరుస్తారు. అక్కడ గోడల మధ్య కూర్చోబెట్టి, ఫోన్లలో జనాన్ని మోసంచేసే పని చేయిస్తారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు రెండు విడతల్లో 549 మందిని మే సాట్ నుంచి వెనక్కి తెచ్చాయి. వాళ్లలో తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు. ఇరాన్ సంగతి చూడండి... 2024 ఫిబ్రవరిలో మనవాళ్లకి వీసా తీసేసింది. ఉద్యోగాల ఆశ చూపి రప్పించి, ఎత్తుకెళ్లి డబ్బడగడం మొదలయ్యేసరికి 2025 నవంబరు 22 నుంచి ఆ సౌకర్యాన్నే ఆపేసింది.

ఆ రాత్రి మావాడికి ఇవన్నీ చెప్పాను. మొహం మాడ్చుకున్నాడు. "నీకన్నీ అనుమానాలేనన్నా" అన్నాడు. వాదన పెట్టుకోకుండా ఒకటే చెప్పాను: "ఏజెంటుని రెండు అడుగు. కంపెనీ పేరుతో కాయితమ్మీద ఒప్పందం. 'ఈ-మైగ్రేట్'లో తన రిజిస్ట్రేషన్ నంబరు." విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపేవాళ్లు కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. ఆ జాబితా అందరూ చూడొచ్చు. పది పాసుకానివాళ్లయితే ఇంకో మెట్టుంది. థాయిలాండ్, మలేషియాతో కలిపి 18 దేశాలకి పనికి పోవాలంటే వలస అధికారి అనుమతి కూడా తప్పనిసరి.

మావాడు తెల్లారి ఫోన్ చేసి అడిగాడు. "నమ్మకం లేకపోతే మానుకో తమ్ముడూ, నీ వెనక పది మందున్నారు" అని ఆ పెద్దమనిషి జవాబు. నంబరు మాత్రం చెప్పలేదు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. పాస్‌పోర్టు వాడి దగ్గరే పెట్టాడట, ఇరవై వేలు అడ్వాన్సూ ఇచ్చాడట. మా పిన్ని గాజులు కుదువపెట్టి తెచ్చిన డబ్బు. ఇద్దరం నిడుబ్రోలులో రైలెక్కి తెనాలి పోయాం. పోలీసుల పేరెత్తాక పాస్‌పోర్టు సొరుగులోంచి బయటికొచ్చింది. దాంతోపాటు రబ్బరు బ్యాండు వేసిన పాస్‌పోర్టుల కట్ట కూడా కనిపించింది. ఎవరి పిల్లలవో! స్టేషన్లో కాయితం రాసిచ్చి వచ్చాం.

డబ్బు ఇంకా రాలేదు. ఈ శనివారం మళ్లీ వెళ్తున్నాం.