తల్లి పెంపకమేనా తప్పు?

పిల్లాడికి ర్యాంకు వస్తే తండ్రి పోలిక. తప్పు చేస్తే తల్లి పెంపకం! 2022 మే 24 తర్వాత మా కోనసీమలో చాలామంది తల్లులు పడ్డ మాట ఇది. జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దంటూ మొదలైన ఆందోళన ఆ రోజు అమలాపురంలో అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికీ, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికీ నిప్పు పెట్టేదాకా వెళ్లింది. బస్సులు తగలబడ్డాయి, పోలీసుల మీద రాళ్లు పడ్డాయి. అరెస్టయిన వాళ్లలో చాలామంది కుర్రాళ్లే.

వయసులో ఉన్న పిల్లలు ఇలా ఎందుకు చేస్తారు? కొందరు నేరస్థులుగానే పుడతారనీ, ముఖం చూసి పోల్చుకోవచ్చనీ 1876లో ఇటలీ వైద్యుడు లాంబ్రోసో అన్నాడు. ఆ మాట నిలబడలేదు. ఆశలు అందరికీ చూపించి దారులు కొందరికే తెరిస్తే తప్పుదారులు పుడతాయని 1938లో అమెరికాలో మెర్టన్ చెప్పాడు. డిగ్రీ చేతపట్టుకుని సెంటర్లో ఖాళీగా నిలబడే కుర్రాళ్లని చూస్తున్న మనకి ఇది కొత్తేం కాదు. మరి ఖాళీగా ఉన్నవాళ్లంతా రాళ్లు విసరలేదే? ఇంటితో, చదువుతో, పనితో ముడి గట్టిగా ఉన్నవాడు అడుగు ముందుకెయ్యడని 1969లో హిర్షి వివరించాడు.

నన్ను ఆపి ఆలోచింపజేసింది మాత్రం సదర్లాండ్ సిద్ధాంతం. నేరం కూడా నేర్చుకునేదేనట. అదీ దగ్గరివాళ్ల దగ్గరే. ఎలా చెయ్యాలన్నదే కాదు, చేసినా తప్పులేదన్న సమర్థింపు కూడా వాళ్ల దగ్గరే వంటబడుతుంది.

రాయి విసరమని ఏ తల్లీ చెప్పదు. కానీ మన ఇళ్లల్లో మాటలు ఒక్కసారి గుర్తు చేసుకోండి. "ఆ పేట వాళ్లతో నీకేంటిరా?" పనామెకి విడిగా పెట్టే గ్లాసు. అరుగు మీద మగాళ్లు కులం పేరెత్తి వేసే జోకులు, వంటింట్లోంచి మనం కలిపే నవ్వులు. పిల్లాడు అన్నీ వింటూనే ఉంటాడు. తీరా ఒక రోజు వీధిలో గుంపు పిలిస్తే, వాడి మనసులో సమర్థింపు ఎప్పుడో సిద్ధమై ఉంటుంది. ఇందులో తల్లి ఒక్కతే కాదు, తండ్రి, మేనమామ, తాతయ్య అందరికీ వాటా ఉంది.

తప్పు జరిగిపోయాక ఏం చెయ్యాలి? కౌమారంలో గాడి తప్పిన వాళ్లలో ఎక్కువమంది వయసు ముదిరేకొద్దీ మానేస్తారని 1993లో టెర్రీ మాఫిట్ అనే మనస్తత్వవేత్త చెప్పింది. "రౌడీ" అని ముద్ర వేస్తే మాత్రం ఆ ముద్రే వాడి బతుకైపోతుందని 1963లోనే బెకర్ హెచ్చరించాడు. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్ల పేరూ ఫొటో పత్రికల్లో వెయ్యకూడదని 2015 బాలల న్యాయ చట్టం అనడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే.

అలాగని వెనకేసుకు రమ్మనడం లేదు. "మావాడు అమాయకుడు" అని కప్పిపుచ్చడం కూడా ఒక సమర్థింపే కదా! చేసింది తప్పని చెప్పండి, శిక్ష ఉంటే అనుభవించనివ్వండి, ఇంటి తలుపు మాత్రం మూయకండి. అంతకంటే ముందు, ఈ రాత్రి అన్నాల దగ్గర ఎవరైనా కులం పేరుతో హేళనగా మాట్లాడితే "పిల్లల ముందు ఆ మాటలొద్దు" అని చెప్పండి. పిల్లలు లేనప్పుడైనా వద్దని చెప్పగలిగితే ఇంకా మంచిది.