అమ్మబోతే అడవే!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ధరలు దిగజారుతున్న రోజుల్లో కోట్ల రూపాయల ఇంటిని అమ్మజూపడం ఆ రెండింటికీ తీసిపోని కష్టమని దేశ రాజధాని అనుభవం చెబుతోంది. 2013 తరవాత ఏడెనిమిదేళ్లపాటు ఢిల్లీ పరిసరాల స్థిరాస్తి విపణిని కమ్మిన మాంద్యంలో ఖరీదైన ఇళ్ల యజమానులకు రెండు ధరలు ఎదురయ్యాయి. కొనేవాడు ఇస్తానన్న ధర ఒకటి, సర్కారు లెక్కగట్టిన ధర మరొకటి. రెండోది మొదటిదాన్ని మించిపోయిన చోట్ల, చేతికి రాని సొమ్ముమీద పన్ను చెల్లించవలసిన విపరీతం దాపురించింది. భవంతులు అమ్ముకునేవారి గోడుతో సామాన్యులకేం పని అని దీన్ని కొట్టిపారేయలేం. అవే నిబంధనలు రెండు గదుల ఇంటికీ వర్తిస్తాయి.

దక్షిణ ఢిల్లీలో ఐఐటీకి, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చేరువలో ఉన్న కటవారియా సరాయ్ నుంచి చూస్తే ఈ వైరుధ్యం స్పష్టంగా కనిపిస్తుంది. గేట్, ఇంజినీరింగ్ సర్వీసుల పరీక్షల శిక్షణకోసం వెళ్లిన తెలుగు విద్యార్థులకు జియా సరాయ్, బేర్ సరాయ్‌లతోపాటు ఆ పేరూ సుపరిచితమే. చుట్టూ నగరం పెరిగిపోగా మిగిలిన పాత ఊరది. మన గ్రామకంఠం వంటి 'లాల్ డోరా' పరిధిలో అంతస్తుమీద అంతస్తు వేసి గదులు అద్దెకిచ్చుకుని బతికే కుటుంబాలు అక్కడ అనేకం. అటువంటి ఊళ్లలోని ఇల్లు అద్దె తెస్తుంది కాని, అమ్మబోతే పత్రాల చిక్కు ఎదురవుతుంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితాలతో జరిగే అమ్మకాలు యాజమాన్య హక్కును బదలాయించజాలవని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఆనంద్ నికేతన్, వసంత్ విహార్ వంటి సంపన్నుల కాలనీలున్నాయి. అక్కడ పత్రాలకు లోటు లేదు. ఆ పత్రాలపై సర్కారు రాయించే ధరతోనే వచ్చింది తంటా.

ఢిల్లీ కాలనీలను 'ఎ' నుంచి 'హెచ్' వరకు ఎనిమిది శ్రేణులుగా విభజించి, ఒక్కో శ్రేణికి భూమి కనీస ధరను ప్రభుత్వం నిర్ణయిస్తుంది. దానిపేరు సర్కిల్ రేటు. తెలుగునాట రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో 'మార్కెట్ విలువ'గా వ్యవహరించేదీ ఇటువంటిదే. 2012 డిసెంబరులో అత్యున్నత శ్రేణి కాలనీల రేటును చదరపు మీటరుకు 2.15 లక్షల రూపాయల నుంచి ఏకంగా 6.45 లక్షలకు పెంచేశారు. 2014 సెప్టెంబరులో మరో 20 శాతం వడ్డించి 7.74 లక్షలు చేశారు. విపణి పైపైకి పోతున్న రోజుల ఊపులో మొదలైన ఆ పెంపు, మందగమనం ఆరంభమయ్యాకా ఆగలేదు. 2016 నవంబరులో పెద్దనోట్ల రద్దు, 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ పతనంతో గృహనిర్మాణ రంగానికి అప్పు పుట్టకపోవడం, ఆమ్రపాలి, జేపీ, యూనిటెక్ సంస్థల ప్రాజెక్టుల్లో వేలమంది కొనుగోలుదారులు నిలువునా మునిగిపోవడం- అన్నీ కలిసి కొనేవారి ఉత్సాహాన్ని నీరుగార్చాయి.

ధర పడినప్పుడు చిన్న ఇల్లు ఎంతోకొంతకు చెల్లుబాటవుతుంది. నివాసం అవసరమైనవారు, బ్యాంకు రుణం దొరికేవారు ఎప్పుడూ ఉంటారు. విలాస భవనం సంగతి వేరు. దాన్ని కొనగలిగినవారే బహు కొద్దిమంది; వారికీ తొందరేమీ ఉండదు. ఇంకా దిగుతుందేమోనని కొనుగోలుదారు కాచుకుంటే, నిరుడు పక్కింటికి పలికిన ధర తన ఇంటికి ఎందుకు రాదని యజమాని భీష్మించుకుంటాడు. ఈలోగా కాపలా ఖర్చు, ఆస్తిపన్ను, మరమ్మతులు మీదపడుతుంటాయి. అన్నదమ్ముల పంపకాలకోసమో, వృద్ధాప్యంలో వైద్యానికో అమ్మక తప్పనివారికి ఆ నిరీక్షణే నష్టం. చివరికి తెగించి ధర తగ్గించుకున్నారనుకుందాం. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. 7.74 లక్షల రేటున్న కాలనీలో 300 చదరపు మీటర్ల స్థలానికి, కట్టడం విలువను పక్కనపెట్టినా, సర్కారు లెక్క 23.22 కోట్ల రూపాయలు. విపణిలో వచ్చింది 18 కోట్లే అనుకుందాం. ఆదాయపు పన్ను చట్టంలోని 50సి నిబంధన ప్రకారం అమ్మినవాడు 23.22 కోట్లు పుచ్చుకున్నట్లే లెక్క. కంటికి కనిపించని ఆ 5.22 కోట్లమీద, నాటి 20 శాతం చొప్పున చూసినా, కోటి రూపాయలకు పైగా మూలధన లాభాల పన్ను పడుతుంది. 2013 బడ్జెట్ సవరణ దరిమిలా అదే 5.22 కోట్లు కొన్నవాడి ఖాతాలో ఆదాయంగానూ మారుతుంది. 30 శాతం శ్రేణిలో ఉన్నవాడు మరో కోటిన్నర రూపాయలు కట్టాలి. ఒకే వ్యత్యాసంమీద ఇద్దరికీ వడ్డన! దాన్ని తప్పించుకోవాలంటే సర్కారు రేటుకే బేరం కుదరాలి. అంత ఇచ్చేవాడే ఉంటే మాంద్యమెందుకు?

ఈ పోకడకు సుదీర్ఘ చరిత్రే ఉంది. ఎర్నాకుళంలో తాను కొన్న 16,500 రూపాయలకే ఇంటిని కుటుంబసభ్యులకు అమ్మిన ఒక యజమానిపై, దాని విలువ 65 వేలంటూ ఆదాయపు పన్ను శాఖ విరుచుకుపడింది. ఆ కె.పి.వర్గీస్ కేసులో 1981లో సుప్రీంకోర్టు, పుచ్చుకున్న సొమ్మును తక్కువగా చూపాడని నిరూపించాల్సిన భారం శాఖదేనని, రాని సొమ్మును వచ్చినట్లు భావించి పన్ను వేయరాదని స్పష్టీకరించింది. తక్కువ ధర చూపిన ఆస్తిని ప్రభుత్వమే కొనేసుకునే అధికారం 1986లో వచ్చింది. యజమాని వాదన వినకుండా ఆ అధికారాన్ని వాడరాదని 1992లో సి.బి.గౌతమ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం అడ్డుకట్ట వేసింది. 2002లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పిన కేంద్రం, మరుసటి ఏడాది నుంచి 50సిని రంగంలోకి దింపింది. అంతకుముందు శాఖ మోయవలసిన నిరూపణ భారం పౌరుడి నెత్తికెక్కింది.

ప్రభుత్వ వాదనను తోసిపుచ్చలేం. సగం తెల్లగా, సగం నల్లగా సొమ్ము చేతులు మారే దుర్నీతి ఢిల్లీ బేరసారాల్లో తరతరాలుగా వేళ్లూనుకుంది. దాన్ని అరికట్టడానికి ఒక కనీస ధర అవసరమే. కాని, ఆ కొలబద్ద పైకి మాత్రమే జరిగేదైతే శిక్ష పడేది నల్లధనికులకు కాదు. మొత్తం సొమ్మును బ్యాంకు ద్వారా పుచ్చుకున్న నిజాయతీపరుడికే పోటు తగులుతుంది. సర్కారు విలువ ఎక్కువనిపిస్తే వాల్యుయేషన్ అధికారి మదింపు కోరే వెసులుబాటు చట్టంలో ఉన్న మాట నిజం. అమ్మకం పూర్తయి, పన్ను లెక్కలు విచారణకొచ్చాక లభించే ఆ ఊరట, బేరం కుదిరే వేళ ఇరుపక్షాల గుండె దిటవుకు పనికిరాదు. వ్యత్యాసాన్ని ఉపేక్షించే హద్దును 2018లో 5 శాతానికి, 2020లో 10 శాతానికి సడలించడం, 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రభుత్వం సర్కిల్ రేట్లను తాత్కాలికంగా 20 శాతం తగ్గించడం- రేట్లు నేల విడిచి సాము చేశాయని ఏలినవారు పరోక్షంగా ఒప్పుకోవడమే. ఆ మేలుకొలుపుకు ఏడేళ్లు, ఒక మహమ్మారి కావలసివచ్చాయి!

తెలుగు రాష్ట్రాలకూ ఇందులో పాఠముంది. తెలంగాణలో 2013 తరవాత 2021 వరకు భూముల విలువల సవరణే జరగలేదు. 2022 ఫిబ్రవరిలో వెంటనే మరో విడత పెంపు వచ్చింది. ఏళ్లతరబడి నిద్ర, ఆపై వరస వడ్డన! మూడు రాజధానుల మాట 2019 డిసెంబరులో శాసనసభలో వినవచ్చిన దరిమిలా అమరావతి పరిసరాల్లో స్థలాల ధరలు ఎలా కుప్పకూలాయో చూశాం. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత అక్కడివారికి అనుభవైకవేద్యమైంది. విధాన నిర్ణయాలే ధరలను పడగొట్టగలిగినప్పుడు, పడిన ధరను గుర్తించే బాధ్యతా ప్రభుత్వానిదే కావాలి.

చేయవలసిందేమిటో స్పష్టం. రిజిస్ట్రేషన్ల లెక్కలు, బ్యాంకుల మదింపులు, అద్దెల తీరు గమనించి ఏటా ఒక నిర్ణీత తేదీన రేట్లను సవరించాలి. పెంచే చేయి తగ్గించడానికీ వెనకాడకూడదు. అమ్మకానికి ముందే మదింపు కోరే వీలు కల్పించి, నిర్దిష్ట గడువులోగా తేల్చాలి. వ్యత్యాసంపై అమ్మినవాడినీ కొన్నవాడినీ ఇద్దరినీ బాదే పద్ధతికి స్వస్తి చెప్పాలి. కటవారియా సరాయ్ వంటి ఊళ్ల ఇళ్లకు హక్కుపత్రాల చిక్కు విప్పడమూ ఈ సంస్కరణలో అంతర్భాగం కావాలి. నమోదుకాని బేరాలు ఉన్నంతకాలం ఏ రేటుకూ నిజమైన ఆధారం దొరకదు. యజమానులూ ఒక నిష్ఠురసత్యాన్ని దిగమింగక తప్పదు. ఇంటి ధరను నిర్ణయించేది మనం పెట్టిన పెట్టుబడో, పక్కింటివాడి అదృష్టమో కాదు. ఇవాళ కొనడానికి వచ్చినవాడి స్తోమత.

2022 తరవాత రాజధాని ప్రాంతంలో గాలి మళ్లింది. గురుగ్రామ్‌లో ఒకే ఒక్క నివాసం 190 కోట్ల రూపాయలకు చేతులు మారిన వార్త 2024 డిసెంబరులో దేశాన్ని విస్తుపోయేలా చేసింది. పైకెక్కిన ధర ఎల్లకాలం అక్కడే నిలవదని గత అనుభవం చెబుతూనే ఉంది. తగ్గించే నిబంధనకు చట్టంలో చోటివ్వడానికి అనువైన సమయం ధరలు వెలిగిపోతున్న రోజులే. ఇల్లు కాలుతుండగా బావి తవ్వే అలవాటును ప్రభుత్వాలు ఇకనైనా మానుకోవాలి.