లెక్కకు రాని విషాహారం

అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపమని ఒక ఇంట అంటారు. రిజ్క్ అని, దైవమిచ్చిన జీవనాధారమని మరొక ఇంట కళ్ళకద్దుకుంటారు. ఈ రెండు ఇళ్ళ పిల్లలూ ఒకే బల్లపై కూర్చుని చదువుకొనే మన కళాశాల సంచికలో అన్నాన్ని గురించి నాలుగు మాటలు వ్రాయడం అప్రస్తుతం కాదని మేము భావిస్తున్నాము.

గత వార్షికోత్సవం ముగిసిన రాత్రి మేము పదకొండుమందిమి ఒక హోటలులో బిర్యానీ తిన్నాము. మరునాటి సాయంకాలానికి మాలో ఆరుగురికి వాంతులు, విరేచనాలు, జ్వరం పట్టుకున్నాయి. ఒకరు మజ్జిగతో సరిపెట్టుకున్నారు. నలుగురు మందుల దుకాణంలో మాత్రలు కొని మింగారు. ఒకరికి మాత్రం సెలైను ఎక్కించవలసి వచ్చింది. నాలుగవ రోజున తరగతిలో కలుసుకొన్న తరువాత గాని ఆరుగురిదీ ఒకే బాధ అని మాకు తెలియలేదు. అప్పటికి ఆనాటి వంటకం మిగలలేదు, బిల్లు ఎవరి వద్దా లేదు. ఆ హోటలు దోషి కావచ్చు, నిర్దోషి కావచ్చు; ఆ సంగతి తేలకుండా పోవడమే మా ఆవేదన.

వసతిగృహంలో భోజనం వికటిస్తే వెంటనే లోకానికి తెలుస్తుంది. తిన్నవారంతా ఒకే కప్పు క్రింద ఉంటారు గనుక. హోటలులో ఒకే దేగిసాలోని అన్నం తిన్నవారు పది వీధులకు చెదరిపోతారు. ఒకరి సంగతి మరొకరికి తెలియదు. ప్రతివాడూ తన జబ్బు తన ఒక్కడిదే అనుకుంటాడు.

కాలం కూడా మనలను తప్పుదారి పట్టిస్తుంది. స్టెఫిలోకాకస్ విషం కొద్ది గంటలలోనే వాంతులు కలిగిస్తుంది. సాల్మొనెల్లా అట్లా కాదు. సాధారణంగా 6 నుండి 72 గంటల మధ్య బయటపడుతుంది. ఈలోగా మనం ఇంట్లో రెండు మూడు పూటలు తిని ఉంటాము. నింద చివరిసారి తిన్న తల్లి చేతి చారు మీదకు పోతుంది. మొన్నటి హోటలు భోజనం గుర్తుకే రాదు.

వైద్యుని వద్దకు వెళ్ళేవారు తక్కువ. వెళ్ళినా మల పరీక్ష జరగడం అరుదు. పరీక్ష లేనిదే క్రిమి ఏదో తెలియదు. తెలియనిదాన్ని లెక్క వ్రాసేదెవరు? ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. ప్రాధికార సంస్థ ప్రకటించిన ప్రాంతాలలో వైద్యులు తమ దృష్టికి వచ్చిన విషాహార ఘటనలను నియమిత అధికారికి తెలిపేటట్లు చేయడానికి దాని 35వ సెక్షను అవకాశమిస్తున్నది. కాని రోగి నోరు విప్పనిదే వైద్యుడు ఏమి తెలుపగలడు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన ప్రకారం, కలుషితాహారం వల్ల ఏటా సుమారు 60 కోట్లమంది జబ్బుపడుతున్నారు, 4,20,000 మంది మరణిస్తున్నారు. ఇవి అంచనాలే. లెక్కకు ఎక్కనివారు అంతమంది ఉన్నందువల్లనే అంచనాలతో సరిపెట్టుకోవలసి వస్తున్నది.

హైదరాబాదు నగరాన్ని యునెస్కో 2019లో ఆహార కళా నగరంగా గుర్తించింది, మనమందరం గర్వించాము. ఆ నగరంలోనే 2024లో మోమోలు తిన్న పలువురు అస్వస్థులై, ఒక మహిళ మరణించిన తరువాత, పచ్చి గ్రుడ్లతో చేసే మయొనైజును ప్రభుత్వం ఒక సంవత్సరం పాటు నిషేధించింది. ఒక ప్రాణం పోతే గాని మన చెవికి సోకదా అన్నదే మా ప్రశ్న.

ఫిర్యాదు చేస్తే ఒక పేదవాని పొట్ట కొట్టినట్లవుతుందని కొందరంటారు. ఈ మాట త్రోసిపుచ్చదగినది కాదు. మన సహాధ్యాయుల తండ్రులలో వంటవారున్నారు, సర్వర్లున్నారు. కాని విచారణ లేనిచోట పుకారు పుడుతుంది. పుకారుకు శుభ్రంగా వండినవాడూ, నిన్నటి మాంసం వేడిచేసి పెట్టినవాడూ ఒక్కటే. పైగా, విరేచనాలతో బాధపడుతూ కూడా రోజుకూలి పోతుందని వంటింట్లో నిలబడే కార్మికునికి సెలవు ఇప్పించగలిగేది విచారణయే గాని మన మౌనం కాదు.

కనుక కళాశాల కార్యవర్గం వారికి మా వినతి ఒక్కటే. కార్యాలయంలో ఒక పుస్తకం ఉంచండి. జబ్బుపడిన విద్యార్థి ఎక్కడ, ఏమి, ఎప్పుడు తిన్నాడో, బాధ ఎప్పుడు మొదలైనదో అందులో వ్రాయాలి. రెండు మూడు వ్రాతలు ఒకే చోటును చూపినప్పుడు ప్రిన్సిపాలుగారు ఆహార భద్రతాధికారికి ఉత్తరం వ్రాయాలి. ఆ పుస్తకం గోప్యంగా ఉండాలి. రుజువు కానిదే ఏ హోటలు పేరూ బయట పలుకరాదు.

విద్యార్థి మిత్రులారా! తిన్నచోట బిల్లు అడిగి తీసుకోండి. 2022 జనవరి 1 నుండి దానిపై 14 అంకెల లైసెన్సు లేక రిజిస్ట్రేషను సంఖ్య ఉండాలన్న నియమం అమలులోకి వచ్చింది. జబ్బుపడితే గడచిన మూడు రోజుల భోజనమూ వైద్యునికి చెప్పండి. తోడు తిన్నవారిని ఆ రోజే పలుకరించండి. మేము ఆరుగురమూ ఆ పని నాలుగు రోజులు ఆలస్యంగా చేశాము. ఆ రాత్రి అదే దేగిసా నుండి తిన్న ఇతరులు ఎందరో, వారిలో పసిపిల్లలు ఎందరో, వారికేమయినదో మాకు తెలియదు. ఇక తెలిసే దారీ లేదు.