ఇంటికి పూచీ: కొనదగిన సరుకేనా?

మొన్న శుక్రవారం బేరాలు ముగిశాక గుంటూరులో ఒక మిర్చి కమీషన్ వ్యాపారి కొట్లో కూర్చుని ఉండగా, అమెరికా నుంచి ఆయన కుమారుడి ఫోన్ వచ్చింది. టెక్సాస్‌లో డల్లాస్ సమీపాన ఒక పాత ఇల్లు బేరానికి వచ్చిందట. ఏజెంటు దానితోపాటు ‘హోం వారంటీ’ కూడా తీసుకోమంటున్నాడట. ఏడాదికి 720 డాలర్లు. “తీసుకోమంటారా నాన్నా?” అని ప్రశ్న. ఆయన ఫోన్ నా చేతికిచ్చి, “మీరే చెప్పండి బాబూ, నాకు టిక్కీల లెక్క తప్ప ఈ గొడవలు తెలియవు” అన్నారు.

టిక్కీల లెక్క తెలిసినవారికి ఇందులో కొత్తగా తెలియవలసింది స్వల్పమే. మన జిల్లాల్లో వర్తక కుటుంబాల పిల్లలు ఎందరో ఆ దేశంలో ఇళ్లు కొంటున్నారు. మొదటి చెల్లింపులో కొంత ఇక్కడి తండ్రుల సొమ్ము కూడా ఉండటం కద్దు. కనుక ఈ పేజీలో ఈ విషయం చర్చించడం అప్రస్తుతం కాదనుకుంటాను.

ముందుగా పేరు సంగతి. దాన్ని వారంటీ అని పిలుస్తున్నారు గాని అది వారంటీ కాదు. వస్తువుతోపాటు, దాని ధరలోనే కలిసి వచ్చే పూచీ వారంటీ. విడిగా డబ్బు పుచ్చుకుని ఇచ్చే మరమ్మతు హామీ సర్వీస్ కాంట్రాక్టు. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం ఈ రెంటినీ వేరుచేసింది. టెక్సాస్ చట్టంలోనైతే దీని పేరే రెసిడెన్షియల్ సర్వీస్ కాంట్రాక్టు. ఈ వ్యాపారం ఆ దేశంలో 1971 ప్రాంతాన కాలిఫోర్నియాలో ఊపందుకుంది. పాత ఇల్లు అమ్మేవాడు కొనేవాడి బెరుకు పోగొట్టడానికి వేసే కొసరుగా ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది.

ఇది బీమా కూడా కాదు. శీతల గిడ్డంగిలో పెట్టిన సరుకు నిప్పంటుకుని కాలితే బీమా ఉంది. అదే సరుకు నిలవ ఉండి రంగు పోతే ఏ బీమా సంస్థా పైసా ఇవ్వదు. ఇంటి బీమా మొదటి తరహా: అగ్ని, గాలివాన, దొంగతనం. ఈ హోం వారంటీ రెండో తరహా నష్టానికి, అంటే వాడకంలో అరిగిపోయి ఏసీ, నీళ్ల హీటరు, కుళాయి గొట్టాలు, కరెంటు తీగలు, ఫ్రిజ్ వంటివి చెడిపోతే బాగుచేయించడానికి. గోడ, పునాది, పైకప్పు సాధారణంగా ఇందులోకి రావు. అప్పు ఇచ్చే బ్యాంకు ఇంటి బీమా ఉండి తీరాలంటుంది. దీని జోలికి మాత్రం రాదు. ఏజెంటు రెంటినీ ఒకే ఊపిరిలో చెబుతాడు కనుక ఇది కూడా తప్పనిసరి అని భ్రమపడేవారు లేకపోలేదు.

ఇక లెక్క. పాతతరం వర్తకులకు బంగారం, వెండి బజార్లలోని తేజీ-మందీ జ్ఞాపకం ఉండే ఉంటుంది. 1952 నాటి ఫార్వర్డ్ కాంట్రాక్టుల చట్టం సరుకుల్లో ఆ తరహా బేరాలను నిషేధించింది. 2017లో బంగారం ఫ్యూచర్లపై ఆప్షన్లుగా ఎంసీఎక్స్‌లో మళ్లీ చట్టబద్ధంగా మొదలయ్యాయి. ముందు రుసుము కడతాం, ధర ఎదురు తిరిగితే అవతలివాడు భరిస్తాడు, తిరగకపోతే రుసుము అతని లాభం. హోం వారంటీ సరిగ్గా ఇదే, ఒక్క తేడాతో. తేజీ-మందీలో ధర ఎంత మారిందో బజారు చెబుతుంది. ఇక్కడ నష్టం జరిగిందా లేదా, జరిగితే ఎంత అన్నది రుసుము పుచ్చుకున్నవాడే నిర్ణయిస్తాడు! అటువంటి షరతు మీద మన బజారులో ఎవరైనా బేరం ఆడతారా?

డల్లాస్ కాగితాలు తెప్పించి చూశాను. ఏడాదికి 720 డాలర్లు గాక, పిలిచినప్పుడల్లా వచ్చిన మెకానిక్కుకు 100 డాలర్లు మనమే ఇవ్వాలి. ఏటా రెండుసార్లు పిలిచారనుకుంటే మొత్తం 920. ఏసీకి సంస్థ భరించే గరిష్ఠ మొత్తం 3,000 డాలర్లు. ఆ ఊళ్లో ఏసీ మొత్తం మార్చడానికి అతను తీసుకున్న అంచనా 8,000. అంటే పెద్ద దెబ్బ తగిలిననాడు 5,000 మనదే. పోగా కొనడానికి ముందే ఉన్న లోపం పనికిరాదు, సర్వీసింగ్ సరిగా చేయించకపోతే పనికిరాదు, మార్చాలా అతుకు వేయాలా అన్నది సంస్థ ఇష్టం. పాత ఏసీల్లో వాడే ఆర్-22 గ్యాసు తయారీ, దిగుమతి అమెరికాలో 2020 జనవరి 1 నుంచి ఆగిపోయాయి. ఉన్న నిలవలే దిక్కు, ధర ఎక్కువ. ఆ గ్యాసు ఖర్చు మీద కూడా చిన్న అక్షరాల్లో ఒక పరిమితి వేశారు.

నా మేనల్లుడు అరిజోనాలో మూడేళ్లు ఇలాంటి రుసుము కట్టాడు. మూడో ఏట జూలై ఎండల్లో ఏసీ నిలిచిపోయింది. సంస్థ పంపిన మెకానిక్కు నాలుగో నాడు వచ్చి చూసి, లోపలి కాయిల్ శుభ్రం చేయించిన దాఖలా లేదని రాసి వెళ్లాడు. రసీదులు చూపమన్నారు. గత ఇంటి యజమాని రసీదులు వీడెక్కడ తెస్తాడు? ఇంట్లో ఏడాది పసిపిల్ల. పది రోజులు హోటల్లో ఉండి, చివరకు అప్పు చేసి కొత్తది పెట్టించుకున్నాడు. సంస్థ మోసం చేసిందని నేననను. కాగితంలో రాసినట్టే చేసింది. ఆ కాగితం వీడు చదవలేదు.

అయితే ఎవరూ తీసుకోకూడదా అంటే, అలా చెప్పడం సబబు కాదు. అమ్మేవాడు తన డబ్బుతో కొని ఇస్తానంటే కాదనడమెందుకు? కొనుగోలు రోజునే తీసుకుంటే సాధారణంగా వెంటనే అమల్లోకి వస్తుంది, తర్వాత తీసుకుంటే 30 రోజులు ఆగమనడం పరిపాటి. చేతిలో ఉన్న రొక్కమంతా మొదటి చెల్లింపుకే పోసి, ఆరు నెలలపాటు 2,000 డాలర్ల ఖర్చు కూడా తట్టుకోలేని స్థితిలో ఉన్నవాడికి మొదటి ఏడాది మట్టుకు కొంత ఊరట. ఆ తర్వాత పొడిగించడం నా దృష్టిలో దండగ. సంస్థ అద్దె, ఏజెంటు దలాలీ, ప్రకటనల ఖర్చు, లాభం అన్నీ ఆ 720లోంచే రావాలి. మిగిలినదే మరమ్మతులకు. ఆ సొమ్ము మన ఖాతాలో విడిగా పడితే మూడేళ్లకు 2,160 డాలర్లు. దానికి షరతులు లేవు, నచ్చిన మెకానిక్కును పిలుచుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు సరుకు చూడాలి. కల్లంలో కాయ విరిచి చూడకుండా, తేమ, తాలు లెక్క కట్టకుండా లాటుకు ధర చెప్పం కదా. అక్కడ కూడా నాలుగైదు వందల డాలర్లకు ఇన్‌స్పెక్టరు వచ్చి ఇల్లంతా పరీక్షించి నివేదిక ఇస్తాడు. ఆ నివేదిక బేరానికి ఆయుధం. కాని ఒక మెలిక: అందులో ‘లోపం ఉన్నది’ అని రాసిన వస్తువు గురించి రేపు వారంటీ సంస్థను అడిగితే, అదే కాగితం చూపి పాత లోపం అంటుంది. కాబట్టి దొరికిన లోపానికి ధరలోనే తరుగు కోయించుకోవాలి, పూచీ మీద వదలకూడదు. మా మిత్రుని కుమారుడు అదే చేశాడు. ఏసీ 14 ఏళ్లదని తేలింది. అమ్మేవాడు మొదట వారంటీ కొనిస్తానన్నాడు, ఇతను వద్దని ధర తగ్గించమన్నాడు. రెండు రోజుల బేరం తర్వాత 3,500 డాలర్లు తగ్గింది.

ఇక్కడి ఇళ్ల గురించి ఒక్క మాట, ఎందుకంటే ఫోన్ పెట్టేశాక ఆ తండ్రే అడిగారు. విజయవాడలో ఆయన కొన్న ఫ్లాటులో స్నానాల గది గోడ నెమ్ము కొడుతోందట, బిల్డరు ఏడాది దాటింది మాకు సంబంధం లేదంటున్నాడట. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో లోపం స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు బయటపడి, మనం బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా పుచ్చుకోకుండా బాగుచేయాలి. చేయకపోతే పరిహారం అడిగే హక్కు ఉంది. ఈ పూచీకి రుసుము లేదు, ఫ్లాటు ధరలోనే అది కలిసి ఉంది. కాని ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదు రేపు దాఖలాగా నిలవదు. స్వాధీనపత్రం నకలు, గోడ ఫోటోలు జతచేసి, తేదీ వేసి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపమని చెప్పాను. ఆయనకు స్వాధీనం ఇచ్చి నాలుగేళ్ల ఎనిమిది నెలలైంది. మిగిలింది నాలుగు నెలలే.