ఆ 34 వికెట్లను ఏ తక్కెడలో తూచాలి?

ఎప్పటిదో ఒక సీజన్. అందులో గొప్ప బౌలరెవరని అడిగితే చాలామంది రికార్డుల పుస్తకం తీస్తారు. ఎక్కువ వికెట్లు ఎవరివో చూసి ఆ పేరు చెప్పేస్తారు. పని సులువే గానీ తీర్పు సగమే.

అనకాపల్లి జిల్లా రాజయ్యపేట లాంటి సముద్రతీరంలో క్రికెట్ ఆడినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద బంతి సర్రున జారిపోతుంది. నాలుగడుగులు పైకొచ్చి పొడి ఇసుకలో వేస్తే అక్కడే కూలబడుతుంది. బౌలరు అతడే, బంతి అదే. మారింది నేల ఒక్కటే. పిచ్, ప్రత్యర్థి, క్యాచ్ పట్టే చేతులు... ఇవన్నీ చూడకుండా వికెట్ల అంకె ఒక్కటే చూస్తే ఎలా?

మన హైదరాబాద్‌లో మొదలైన 1955-56 సీజన్‌నే తీసుకుందాం. న్యూజిలాండ్ జట్టు అయిదు టెస్టులు ఆడటానికి వచ్చింది. తొలి టెస్టు నవంబరులో ఫతే మైదాన్‌లో. ఇప్పుడు దాని పేరు లాల్‌బహదూర్ స్టేడియం. ఆ ఊరికి అదే మొదటి టెస్టు. కెప్టెన్ కూడా ఆ ఊరివాడే, ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. ఉమ్రీగర్ 223 పరుగులు బాదడంతో మనవాళ్లు 4 వికెట్లకు 498 దగ్గర డిక్లేర్ చేశారు. తర్వాత బంతి లెగ్ స్పిన్నర్ సుభాష్ గుప్తే చేతికొచ్చింది. 70 ఓవర్లకు పైగా వేసి, 128 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. అయినా ఫాలో ఆన్‌లో సట్‌క్లిఫ్ 137 పరుగులతో అజేయంగా నిలవడంతో మ్యాచ్ డ్రా అయింది.

సిరీస్ ముగిసేసరికి గుప్తే ఖాతాలో 34 వికెట్లు. ఒక్కో వికెట్టుకు ఇచ్చింది 20 పరుగుల లోపే. మనవాళ్లలో రెండో బౌలరు అందులో సగానికి కూడా చేరలేదు.

ఇక్కడే కొందరు పెదవి విరుస్తారు. 'ఎవరి మీద తీశాడండీ? న్యూజిలాండ్ మీదేగా!' అంటారు. అందులో నిజం లేకపోలేదు. ఆ జట్టు అదే ఏడాది మార్చిలో ఇంగ్లండ్ చేతిలో 26 పరుగులకే కుప్పకూలింది. మన దేశానికి వచ్చేనాటికి ఒక్క టెస్టు కూడా గెలవలేదు. తర్వాతి సీజన్‌లో, 1956 నవంబరులో, కోల్‌కతాలో గులాం అహ్మద్ ఆస్ట్రేలియా మీద 49 పరుగులకు 7 వికెట్లు తీశాడు. మ్యాచ్ మొత్తంలో 10. ప్రత్యర్థిని బట్టి తూస్తే ఆ పది వికెట్లే బరువనేవాళ్లున్నారు.

మరి రెండో పళ్లెంలో ఏముందో కూడా చూడాలిగా! ఆ సిరీస్ పిచ్‌లు బౌలర్ల ఉసురు తీసినవే. ఢిల్లీలో న్యూజిలాండ్ 2 వికెట్లకే 450 చేస్తే, మనవాళ్లు 531 చేశారు. అయిదింటిలో మూడు డ్రాలు. అలాంటి నేల మీద 34 వికెట్లంటే మాటలా? పైగా అవతలి ఎండ్ నుంచి అదే జోరుగా వికెట్లు తీసేవాడు లేడు.

బలహీనుల మీదే ప్రతాపమా అన్న అనుమానానికి ఆ సీజన్‌కు ముందు, వెనక ఏం జరిగిందో చూస్తే జవాబు దొరుకుతుంది. 1953లో వెస్టిండీస్ గడ్డ మీద వీక్స్, వారెల్, వాల్కాట్ ముగ్గురూ ఉన్న జట్టు మీద గుప్తే 27 వికెట్లు తీశాడు. 1958లో కాన్పూర్‌లో అదే వెస్టిండీస్‌ను 102 పరుగులకు 9 వికెట్లతో కూల్చాడు. మిగిలిన ఒక్కటి రంజనేకు దక్కింది. తాను చూసిన లెగ్ స్పిన్నర్లలో గుప్తేనే మేటి అని సోబర్స్ అనేవాడంటే ఊరికే కాదు.

కాబట్టి నా ఓటు గుప్తేకే. ఒక్క మ్యాచ్ అడిగితే గులాం అహ్మద్ కోల్‌కతా మ్యాచ్‌కు చేతులెత్తి మొక్కుతాను. సీజన్ మొత్తం అడిగితే మాత్రం అయిదు టెస్టులు బరువు మోసినవాడిదే పీట.

అంతటివాడి కెరీర్ ఎలా ముగిసిందో తెలుసా? 1961 డిసెంబరులో ఢిల్లీ టెస్టు సమయంలో, హోటల్ గదిలో తనతో ఉన్న ఆటగాడు రిసెప్షనిస్టుకు చేసిన ఫోన్ వివాదమైంది. ఫోన్ చేసింది తను కాకపోయినా బోర్డు గుప్తేనూ పక్కన పెట్టింది. అప్పటికి ఆయన వయసు 32. మళ్లీ భారత్‌కు ఆడలేదు. 36 టెస్టుల్లో 149 వికెట్ల దగ్గరే ఆగిపోయాడు. తర్వాత ట్రినిడాడ్‌లో స్థిరపడి, 2002లో అక్కడే కన్నుమూశాడు.

మీ ఇంట్లో రేడియో కామెంటరీ రోజుల పెద్దవాళ్లుంటే ఈ ఆదివారం ఓసారి అడిగి చూడండి, గుప్తేనా గులాం అహ్మదా అని. వాళ్లు వేరే పేరు చెప్పినా వాదించకండి, ఎందుకో అడగండి. మధ్యాహ్నం మీకు టీవీ గుర్తురాదు.