సుఖాంతము ఎవరి సొత్తు?

ఆలేరు రైలుస్టేషనులో ఉదయమువేళ కొంతసేపు నిలిచిన వారికి ఒక దృశ్యము కన్పట్టును. సికింద్రాబాదు–కాజీపేట మార్గములోని ఈ చిన్న స్టేషనునుండి భువనగిరికిని, హైదరాబాదుకును చదువులకై పోవు పిల్లలు గుంపులుగా నిలిచియుందురు. మగ్గముల యిండ్లనుండి వచ్చినవారు, పొలముల యిండ్లనుండి వచ్చినవారు, ఊరికి ఎడముగానున్న వాడలనుండి వచ్చినవారు. అందరి భుజములమీదను ఒకే తీరు సంచి, అందరి చేతులలోను ఒకే తీరు ఫోను. పదునారు, పదునెనిమిది యేండ్ల ప్రాయములో ఒకరినొకరు చూచుకొనుట, నవ్వుకొనుట, ఒకరికొరకు ఒకరు ఎక్కవలసిన రైలును వదలుకొనుట సహజమే. కాని ఆ కథలలో ఏది పుస్తకములోని కెక్కునో, ఏది పోలీసు స్టేషను పుస్తకములోని కెక్కునో నిర్ణయించునది వారి మనస్సులు కావు, వారి వాడల పేర్లు.

ఇదే ప్రశ్నను అమెరికాలో నల్లజాతి రచయితలు చాలకాలముగా అడుగుచున్నారు. 1965లో నాన్సీ లారిక్ అను విదుషీమణి ‘సాటర్‌డే రివ్యూ’ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. 1962 మొదలు 1964 వరకు ఆ దేశమున వెలువడిన 5,206 బాలల పుస్తకములను గూర్చి విచారింపగా, నల్లజాతి పాత్ర ఒక్కటైనను కన్పించునవి నూటికి 6.7 మాత్రమే యని తేలినది. అర్ధశతాబ్దము గడచిన పిదప, 2013 నాటి పుస్తకములు 3,200 వరకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన బాలగ్రంథ కేంద్రము పరిశీలింపగా నల్లజాతి వారిని గూర్చినవి 93 కన్పించినవి. ఈ రెండు లెక్కలును ఒకే కొలతతో కొలచినవి కావు; కాన వానిని ప్రక్కప్రక్కన పెట్టి తూచుట తగదు. ఐనను యేబది యేండ్లలో పౌరహక్కుల చట్టములు వచ్చి, ఒక నల్లజాతీయుడు దేశాధ్యక్షుడైన తరువాతను పిల్లల అలమరలో స్థితి ఇదియే యన్నది మాత్రము స్పష్టము. 2014 మార్చిలో వృద్ధ రచయిత వాల్టర్ డీన్ మయర్స్ ‘న్యూయార్క్ టైమ్స్’లో ఈ విషయమునే లేవనెత్తి, ఆ జూలైలోనే కన్నుమూసెను. అదే సంవత్సరము విభిన్న జాతుల పుస్తకములు కావలెనను ఉద్యమ మొకటి బయలుదేరినది.

అటుపిమ్మట జరిగినది మరింత ఆసక్తికరము. నల్లజాతి కిశోరుల పుస్తకములు పెరిగినవి. కాని ఏ పుస్తకములు? 2017లో ఏంజీ థామస్ తొలి నవల వెలువడినది. నిరాయుధుడైన బాలుడొకడు పోలీసు తుపాకికి బలియగుటను కన్నులార చూచిన బాలిక కథ అది. గొప్ప నవల, గొప్పగా అమ్ముడుపోయినది. అట్టి విజయము వచ్చినప్పుడు అంగడికి ఒక దురభ్యాస మబ్బును. నల్లపిల్లల కథ యనగా తుపాకి యుండవలెను, చెరసాల యుండవలెను, తల్లి కన్నీరుండవలెను అను సూత్రము తయారగును. తెల్లపిల్ల ఎండకాలపు సెలవులలో ప్రేమలోపడి, పోట్లాడి, మరల కలిసికొనవచ్చును. నల్లపిల్ల ముందు ఒక మరణమును మోసి, ఆ పిమ్మట ప్రేమింపవలెను.

ఈ సూత్రమును త్రోసిపుచ్చుటకే కొందరు రచయిత్రులు పూనుకొనిరి. జమైకాలో పుట్టిన నికోలా యూన్ 2015లో తన తొలి ప్రేమనవలను ప్రకటించెను. 2020లో ఆమెయు, ఆమె భర్త డేవిడ్ యూనును కలసి రాండమ్ హౌస్ సంస్థలో కిశోరుల ప్రేమకథల కొరకే ‘జాయ్ రెవల్యూషన్’ అను శాఖను ప్రారంభించిరి; శ్వేతేతరులు వ్రాసి, శ్వేతేతరులే నాయికానాయకులుగా నుండు కథలే అందు వెలువడును. సంతోషమునకు విప్లవమను పేరు పెట్టవలసి వచ్చినదన్నచో ఆ సంతోషము ఎంత దుర్లభమో తెలియనగును. మరుసటి యేడు ఆరుగురు నల్లజాతి రచయిత్రులు కలసి ‘బ్లాకౌట్’ అను పుస్తకమును వ్రాసిరి. న్యూయార్కు నగరములో ఒక వేసవి రాత్రి విద్యుత్తు పోయినవేళ ఆరు ప్రేమలు నడచును. ఎవరును చావరు.

లియా జాన్సన్ తొలి నవల వెలువడినదియు 2020లోనే. ఇండియానా రాష్ట్రములోని చిన్న పట్టణములో లిజ్ అను నల్లబాలిక కళాశాల చదువునకు కావలసిన ధనమునకై పాఠశాల నాట్యోత్సవమున రాణి పోటీకి దిగును. దిగి, అదే పోటీకి వచ్చిన క్రొత్త సహాధ్యాయినిని ప్రేమించును. ఆ పిల్లకు తల్లి లేదు, రక్తవ్యాధితో పోయినది. తమ్మునికిని అదే వ్యాధి. ఇంటిలో డబ్బులేదు, ఊరిలో తనవంటి వారు లేరు. ఇన్ని దుఃఖములుండియు రచయిత్రి ఆ పిల్లను దుఃఖమునకు అప్పగింపలేదు. ఇట్టి నిరపాయకరమైన పుస్తకము 2022లో ఓక్లహోమా రాష్ట్రపు అటార్నీ జనరల్ కార్యాలయము అశ్లీలమేమో యని పరిశీలనకు తీసికొనిన పుస్తకముల పట్టికలోని కెక్కినది! చావులున్న పుస్తకమునకు కన్నీరు కార్చువారే సంతోషమున్న పుస్తకమునకు తాఖీదులు పంపుదురు కాబోలు. రచయిత్రి మాత్రము మరుసటి యేడు ఇండియనాపొలిస్ నగరములో తానే ఒక పుస్తకాల దుకాణము తెరచెను.

తెలుగు పాఠకులకు నల్లజాతి జీవితము క్రొత్తది కాదు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడుతరాలు’గా తెనిగించిరి, హైదరాబాదు బుక్ ట్రస్టు దానిని తన తొలినాళ్లలో ప్రచురించినది. దానిని చదివి కంటతడి పెట్టని తెలుగు పాఠకుడు అరుదు. అంబేడ్కర్ 1946లో డు బోయిస్‌కు జాబు వ్రాసిన నాటినుండి, 1972లో మహారాష్ట్రమున దళిత పాంథర్లు తమకు ఆ పేరు పెట్టుకొనిన నాటినుండి ఈ రెండు జనములకు నడుమ చుట్టరికము నడచుచునే యున్నది. ఐనను ఆ సముద్రములు దాటి మనకు చేరినది కొరడా, సంకెల, పోరాటము మాత్రమే. ఆ ఇండ్ల పడుచుపిల్లల నవ్వు మాత్రము దిగుమతి కాలేదు. కాకపోవుటకు కారణము మన గుమ్మములోనే ఉన్నది.

తెలుగున దళితుల ప్రేమకథకు నూరేండ్లు దాటిన చరిత్ర కలదు. గురజాడ ‘లవణరాజు కల’లో రాజునకు అంటరాని కన్యతో పొత్తు కుదిరినది, కుదిరినది కలలో. 1922లో వెలువడి మద్రాసు ప్రభుత్వపు నిషేధమునకు గురియైన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో జ్యోతి, అప్పాదాసు అను ఇరువురు లేతవారు ప్రేమించుకొందురు. ఇరువురును వాడబిడ్డలే; వారి నడుమ కులపు గోడ లేదు. ఐనను ఆ ప్రేమ విషాదాంతమే. 1938లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన ‘మాలపిల్ల’ చిత్రమున మాత్రము బ్రాహ్మణ యువకుడును, మాలపిల్లయు సుఖముగా ఒకటగుదురు. కాంచనమాల సోయగమునకు ఆంధ్రదేశమంతయు జోహారులర్పించినది. 1960 దశకమున రంగనాయకమ్మ వ్రాసిన ‘బలిపీఠము’లో హరిజన యువకుడు బ్రాహ్మణ వితంతువును పెండ్లాడును. ఆ కాపురము నిలువలేదు.

ఈ కథలను వరుసగా చూచిన ఒక సూక్ష్మము తోచును. పిల్ల దళితయై, పిల్లవాడు పైకులము వాడైనచో తెలుగు కథ వారిని కలుపుటకు అంతగా జంకదు. ఆతడు ఆమెను పైకి తెచ్చినట్లు లెక్క. పిల్లవాడు దళితుడైనచో కథకుని చేయి వణకును. అప్పుడు పరువు పోవునది పిల్లతండ్రిది. పరువునకు వెల ప్రాణము. 2020లో వచ్చిన ‘కలర్ ఫొటో’ చిత్రము సందీప్ రాజుకు తొలి చిత్రము. 1990 దశకపు బందరులో నల్లనివాడగు పేద విద్యార్థి తెల్లని సహాధ్యాయినిని ప్రేమించును. జాతీయ పురస్కారము పొందిన మంచి చిత్రమే. అందును నాయకుడు చనిపోవును. మరుసటి యేడు శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’లో దళిత నాయకుడు బ్రతికి బట్టకట్టినప్పుడు ప్రేక్షకులు ఊపిరి పీల్చుకొనిరి. నాయకుడు బ్రతికియుండుటయే విశేషమగు కథలు మరి యే కులమునకైనను కలవా?

కథకులను నిందించి ఊరకుండుట న్యాయము కాదు. వారి కండ్లయెదుట నున్న నేల అట్టిది. 2016 వరకు ఆలేరు చేరియుండిన నల్లగొండ జిల్లాలోనే చూడుడు. 2017 మే నెలలో ఆలేరు పొరుగున ఆత్మకూరు (ఎం) మండలపు యువకుడొకడు, వెనుకబడిన కులమువాడు, పైకులపు పిల్లను పెండ్లాడినందులకు హత్యకు గురయ్యెను. ఆ పిల్లయు ఆ నెలలోనే ప్రాణములు కోల్పోయెను. 2018 మార్చి 27న సుప్రీంకోర్టు, వయస్సు వచ్చిన ఇరువురి వివాహములో జోక్యము చేసికొనుటకు కుటుంబమునకు గాని, కులమునకు గాని హక్కు లేదని తీర్పు చెప్పి, అట్టి దంపతుల రక్షణకు ప్రత్యేక విభాగములు నెలకొల్పవలెనని రాష్ట్రములను ఆదేశించినది. ఆరు మాసములు తిరుగకుండ, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో గర్భిణియగు భార్యను ఆసుపత్రికి తీసికొనివచ్చిన దళిత యువకుని పట్టపగలు నరికివేసిరి. పాఠశాల దినములనాటి పరిచయము వారిది. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానము ఒకనికి మరణశిక్షయు, ఆరుగురికి యావజ్జీవమును విధించినది. ప్రధాన నిందితుడగు పిల్లతండ్రి అంతకు ఐదేండ్లకు పూర్వమే ఆత్మహత్య చేసికొనియుండెను.

ఈ వృత్తాంతములో సాహిత్యమునకు సంబంధించిన ముక్క ఒకటి కలదు. బడిపిల్లలుగా ఒకరినొకరు ఎరిగి, సంవత్సరములపాటు నిలుపుకొనిన ఆ ప్రేమనుగూర్చి వచ్చిన చలనచిత్రమునకు పెట్టిన పేరు ‘మర్డర్’. 2020లో వచ్చిన ఆ చిత్రమున ప్రధానపాత్ర పిల్లతండ్రిది. దానిని ఆపవలసినదని ఆ యువతి న్యాయస్థానము తలుపు తట్టవలసి వచ్చినది. తరగతి గది, మొదటి జాబు, మొదటి అలుక ఎవరికిని కథావస్తువులుగా తోచలేదు. కత్తి మాత్రము తోచినది.

కిశోరుల ప్రేమను వ్రాయుటలో మరియొక చిక్కు చట్టమునుండి వచ్చును. 2012 నాటి బాలల రక్షణ చట్టము సమ్మతి వయస్సును పదునారు నుండి పదునెనిమిదికి పెంచినది. దాని ఉద్దేశము మంచిదే. ఐతే పదునేడేండ్ల పిల్ల ఇష్టపడి వెళ్లినను, పిల్లవానిపై ఆ చట్టము క్రింద ఫిర్యాదు చేయుట పైకులపు తల్లిదండ్రులకు సులువైన ఆయుధమైనది. ప్రేమకథలోని నాయకుడు రెండవ అధ్యాయములో కారాగారమునకు పోవునేమో యను భయము ఇక్కడి రచయితకు కల్పన కాదు. దానికి విరుగుడు ఉన్నది: ప్రేమ యనగా పారిపోవుటయో, తాళికట్టుటయో కానక్కరలేదు. ఒక వేసవి, ఒక స్నేహము, చెప్పక దాచుకొనిన మాట, పరీక్షలనాడు అరువిచ్చిన కలము, ఇవియు కథలే. కిశోర సాహిత్యమునకు ఇవియే ముఖ్యమైన కథలు.

తెలుగున ఆ అలమర అసలే చిన్నది. 1947లో పుట్టిన ‘చందమామ’ను దాటిన పిల్ల తిన్నగా వారపత్రికల ధారావాహికలలో పడుచుండెడిది. అక్కడ యద్దనపూడి సులోచనారాణి నాయకులు పొడవైన కార్లలో తిరుగుచుండిరి. నేడు ఫోనులలో వెలువడు ప్రేమ ధారావాహికలలో కార్లు మారినవి కాని నాయకుని తరగతి పెద్దగా మారలేదు. కులము పేరెత్తకుండుట అక్కడి మర్యాద. పేరెత్తనిచో అది పైకులమే యని పాఠకులకు తెలియును. ఎదురు ప్రయత్నములు లేకపోలేదు. అన్వేషి సంస్థ 2008లో అంచుజీవితాల బాల్యమును గూర్చిన కథల వరుసను తెచ్చినది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారు అందులకు వ్రాసిరి. అది బాల్యముతోనే ఆగినది, ప్రాయమువరకు రాలేదు. సాహిత్య అకాడమీ యువ పురస్కారము 2015లో పసునూరి రవీందర్ కథలకును, 2024లో బంజారా తండానుండి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’కును దక్కినది. యువ రచయితల కొరకు తలుపు తెరచియున్నదనుటకు ఇవి సాక్ష్యములు. ఆ తలుపున వాడపిల్లల సరసము కూడ ప్రవేశింపవచ్చును.

సరసము అనగానే భాష గుర్తునకు వచ్చును. ఆలేరు పిల్లవాడు తన మనస్సును ఏ మాటలలో చెప్పును? పాఠ్యపుస్తకపు తెలుగులో చెప్పినచో పిల్ల నవ్వును. చలనచిత్రపు తెలుగులో చెప్పినచో ఎవరినో అనుకరించుచున్నాడనును. వేముల ఎల్లయ్య 2000లో ‘కక్క’ నవలను నల్లగొండ మాదిగవాడ పలుకుబడిలోనే వ్రాసి, ఆ భాషకు నవలంత బరువు మోయగల సత్తువ కలదని చూపిరి. ఆ పలుకుబడిలో ఆకలి పలికినది, ఆగ్రహము పలికినది. ‘మనసువడుట’ అను మాటయు ఆ భాషలోనిదే, ‘లగ్గము’ అనునదియు. ప్రాణమును ‘పానము’ అందురు. ‘నువ్వంటె నాకు పానం’ అనుటలో నున్న సూటిదనము ఏ ప్రబంధకవికిని అందనిది. కులమును దాచి వ్రాసిన ప్రేమ ఈ భాషలో పొసగదు, ఏలనన నోరు తెరవగానే వాడ తెలిసిపోవును. వాడ తెలిసియుండగానే, దానిని దాచకుండగానే, ఆ పిల్లలను చివరి పుటవరకు ప్రాణములతో నడిపించుట క్రొత్త రచయిత యెదుటనున్న పని. చంపుటకంటె అది కష్టము.

అట్టి పుస్తకము వ్రాసినవారు దానిని పాఠకునకు చేర్చుట వేరొక పని. తెలుగున తొలి పుస్తకము వేయువారు తరచుగా ఐదువందల ప్రతులు స్వంత వ్యయముతో అచ్చువేయించుకొని, డిసెంబరులో జరుగు హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో మిత్రుని అంగడిబల్లమీద ఒక మూల పేర్చుకొందురు. అవి ఆలేరు చేరవలెనన్నచో, ఆ స్టేషనునుండి వెళ్లిన పిల్లలే ఎవరో ఒకరు సాయంత్రపు రైలులో చేతిసంచిలో పెట్టుకొని తేవలెను.